పెదనాన్న వంట చేసిన రోజులు

మొన్న ఒక ఆదివారం మా అపార్ట్‌మెంటుకి ఒక అమ్మాయి వచ్చింది. సీతమ్మధారలో మా వీధి అంతా తిరిగి, ఇళ్ళలో చెత్త తగ్గించుకోవడం ఎలాగో చెబుతోందట. కింద కార్లు పెట్టుకునే చోట కుర్చీలు వేసి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. బజారుకి వెళ్ళేముందు ఇంట్లో ఏమున్నాయో చూసుకోమంది. గుడ్డసంచీ పట్టుకెళ్ళమంది. మనుషుల లెక్క చూసుకుని వండమంది. కూరల తొక్కల్ని పారేయకుండా పచ్చళ్ళు చేసుకోవచ్చంది. ఆ మాటకి నా పక్కన కూర్చున్నావిడ ముక్కు చిట్లించి, "తొక్కలా?" అంది. ఆ ఒక్క మాటా ఆవిడ అన్న తీరు వినగానే నేను అక్కడ లేను. పోర్టు క్వార్టర్సులో, మా ముందుగదిలో, ఇటుకల మీద ఎత్తు పెట్టిన మంచం పక్కన ఉన్నాను. మంచం మీద పడుకుని మా అమ్మ కూడా ఒకనాడు అచ్చం అలాగే అడిగింది.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. రెండు గదులు, వెనక ఒక చిన్న వంటిల్లు, దాన్ని ఆనుకుని పిడికెడంత పెరడు. ఓడల్లోకి ఎత్తే ఇనప రాయి దుమ్ము ఎర్రగా లేచి, కిటికీ చువ్వల మీదా తీగమీది బట్టల మీదా పడుతూ ఉండేది. అమ్మ రోజూ తుడిచేది, అది రోజూ వచ్చేది. నాన్నది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, వ్యవసాయం ఇల్లు. అమ్మ వాళ్ళది గోదావరి జిల్లా. అమ్మ వైపు తాతగారు పోర్టు ఆఫీసులో పనికొచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోవడంతో ఈ సంబంధం కుదిరింది. ఇక్కడికి వచ్చేదాకా అమ్మ పెరిగింది మాత్రం కాలవగట్టు పక్కన పెద్ద లోగిట్లో. ఆ ఇంట్లో ఎప్పుడూ తినేవాళ్ళకంటే ఎక్కువే వండేవారు. మిగిలిన అన్నం పాలేర్లకి పోయేది, గంజీ కుడితీ గేదెలకి, తొక్కలూ తొడిమలూ మేకలకి. అక్కడ మిగలడం అంటే పారేయడం కాదు. అమ్మ ఆ అలవాటుని క్వార్టర్సుకి తెచ్చుకుంది. పాలేర్లూ గేదెలూ మేకలూ మాత్రం వెంట రాలేదు. దాంతో మా ఇంట్లో మిగిలినవన్నీ వీధి మలుపులో ఉన్న సిమెంటు కుండీలోకి వెళ్ళేవి. కాకులూ కుక్కలూ మా అమ్మ గిన్నె చప్పుడు గుర్తుపట్టేవి.

నాన్న సెలవు రోజున పూర్ణామార్కెట్‌కి వెళ్ళి రెండు చేతులా సంచులు మోసుకొచ్చేవాడు. గంపగుత్తగా కొంటే చవక అని ఆయన నమ్మకం. ఇంటినిండా కూరలుండాలని అమ్మ సరదా. వారం సగం అయ్యేసరికి తోటకూర వాడి, టమాటాలు నీరుకారి, వంటింటి మూల ఒక రకం పుల్లటి వాసన వేసేది. మా ఇంటి వాసనే అది అనుకునేదాన్ని నేను. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ళెవరూ ఆకలితో వెళ్ళకూడదన్నదే అమ్మకి పట్టింపు. ఆ రోజుల్లో స్టీలు ప్లాంటు కట్టడం మొదలైంది. ఏదో ఒక పని దొరుకుతుందని నాన్న ఊరి మనుషులు చెప్పాపెట్టకుండా దిగేవారు. అందరికీ అమ్మ పెట్టింది.

నా తర్వాత అమ్మకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మళ్ళీ నెల తప్పి ఐదో నెల వచ్చినప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాన్పయ్యేదాకా మంచం దిగకూడదు, మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి, గ్లాసెడు నీళ్ళు కూడా వంచుకోకూడదు. వానాకాలం చివరి రోజులవి. అమ్మమ్మ అప్పటికే లేదు. నాన్నమ్మకి చూపు ఆనదు. కొన్నాళ్ళు పక్కింటివాళ్ళు తలా ఒక పూట కూర పంపించారు, నాన్న అన్నం వార్చబోయి చేయి కాల్చుకున్నాడు. అప్పుడు వచ్చాడు మా పెదనాన్న.

ఆయన నాన్నకి సొంత అన్న. పెళ్ళి చేసుకోలేదు. సరుకుల ఓడల మీద వంటవాడు. ఓడ మీద ఆ పనిచేసేవాణ్ణి భండారీ అంటారని ఆయన చెబితేనే తెలిసింది. అంతకుముందు ఏడాదికోసారి వచ్చి, నాకో బిస్కెట్ల డబ్బా ఇచ్చి, వీధరుగు మీద చుట్ట కాల్చుకుని వెళ్ళిపోయే మనిషి. మోకాళ్ళు పట్టేసి, ఇంక ఓడ ఊపుకి నిలబడలేక పని మానేసి ఆ ఏడే తిరిగొచ్చాడు. ఒక ఇనప్పెట్టె, గుడ్డలో చుట్టిన కత్తి, అంతే ఆయన సామాను. ఊళ్ళో ఉన్న ఆయనకి నాన్న కబురు పెట్టి రప్పించాడు. "అన్న ఒండుతాడు. నువ్వింకేటీ ఆలోసించకు," అని అమ్మతో చెప్పాడు.

అమ్మకి అది పిడుగు పడ్డట్టయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ బావగారి ఎదుట కూర్చుని ఎరగదు, ఆయనతో నేరుగా ఒక్కమాట ఆడి ఎరగదు. ఆయన వస్తే తలుపు వెనకే నిలబడేది. అలాంటిది, ఆయన తన వంటింట్లో వంట చేస్తుంటే తాను కాళ్ళు చాపుకుని మంచం మీద పడుకోవాలి. ఆయన వంటింట్లోకి వెళ్ళాలంటే ఆ గదిలోంచే వెళ్ళాలి. చివరికి నాన్న కొబ్బరితాడు కట్టి, దానిమీద పాత దుప్పటి ఒకటి తెరలా వేశాడు. తెరకి అటు అమ్మ, ఇటు పెదనాన్న. మధ్యన నేను.

"మీ పెదనాన్నగారిని అడుగు, పప్పులో ఉప్పేశారా అని," అనేది అమ్మ.

అవతల ఆయనకి ఆ మాట వినబడుతూనే ఉండేది. అయినా నేను వెళ్ళి అడిగేదాకా ఆగేవాడు. అడిగాక, "ఏసేనని సెప్పమ్మా," అనేవాడు. అమ్మకీ అది వినబడేది. నేను వచ్చి చెప్పేదాకా తనూ ఆగేది. అలా మా ఇల్లు మాటలతో నిండి ఉండేది కానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోనట్టే ఉండేది.

వచ్చిన మర్నాడు ఆయన వెంటనే వంట మొదలుపెట్టలేదు. వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా మూత తీసి చూశాడు. పురుగు పట్టిన రవ్వ జల్లించి ఎండలో పోశాడు. అడుగున మిగిలిపోయిన నాలుగు రకాల పప్పులూ ఒకచోట కలిపి నానబోశాడు. "ఇంట్లో ఉన్నదేటో తెలకుండా బజారుకెలితే, బజారోడు అమ్మిందే మనం తింటాం," అన్నాడు నాతో. ఆ నానబోసిన పప్పులతో అట్లు పోశాడు. అలాంటి అట్లు నేను అంతకుముందు తినలేదు. ఆ రోజు బీరకాయలు ఉన్నాయి. వాటి చెక్కు తీసి కూర వండాక, ఆ చెక్కుని ఆయన పారేయలేదు. నూనెలో ఎండుమిరపకాయలతో వేయించడం మొదలుపెట్టాడు. తెర అవతల నుంచి అమ్మ పిలిచింది.

"ఏం వేయిస్తున్నారే?"

నేను చూసి వచ్చి, "బీరకాయ తొక్కలు," అన్నాను.

"తొక్కలా?" అంది. కాసేపటికి చూస్తే గోడవైపు తిరిగి ఏడుస్తోంది. చెత్తకుండీలో వేసేవి తన పిల్లకి పెడుతున్నారు, వీధిలో తెలిస్తే ఏమనుకుంటారు, ఇంతకంటే పస్తుండడం నయం, అని నాతోనే మెల్లగా అంది. ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన నాన్న ఆ పచ్చడి కలుపుకుని అన్నమంతా తిని, ఇంకా ఉందా అని అడిగాడు. అమ్మ మాత్రం ముట్టుకోలేదు. వట్టి మజ్జిగన్నం తింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే నన్ను వెంటబెట్టుకుని బజారుకి తీసుకెళ్ళేవాడు. "బేగి రా గుంటా," అనేవాడు. ఆడపిల్లని వాళ్ళ వైపు గుంట అనే పిలుస్తారు. ఒక గుడ్డసంచీ, నూనెకి ఒక మూత ఉన్న డబ్బా, చేపలకి ఒక సత్తు గిన్నె. కాగితప్పొట్లం ఇంటికొస్తే దాన్ని విప్పి, మడతపెట్టి, బియ్యం డబ్బా కింద దాచేవాడు. వారానికి సరిపడా కొనడం మానిపించేశాడు. ఆ పూటకీ మర్నాటి పొద్దుటికీ కావలసినంతే. ఏ కూర కావాలో అనుకుని వెళ్ళేవాడు కాదు, వెళ్ళాక ఏది లేతగా ఉంటే అది. ముల్లంగి కొంటే ఆకుతో సహా ఇమ్మనేవాడు, ఆకు విరిచి కింద పడేసే కొట్టువాడితో పోట్లాడేవాడు. చేపలరేవులో పెద్ద చేపల ముక్కలు కోసి అమ్మేవాళ్ళ దగ్గర తలకాయ అడిగి తీసుకునేవాడు. "సేపకి రుసంతా తలకాయలోనే ఉంటాది. తెలీనోళ్ళు ఒగ్గేసెల్తారు, మనకి మంచిదే," అనేవాడు. ఆ తలకాయ పులుసు వాసన ఇప్పటికీ నాకు వానాకాలం వాసనే.

చింతపండు పిండేసిన పిప్పితో ఇత్తడి చెంబులు తోమేవాడు. గుమ్మడి గింజలు కడిగి ఎండబెట్టేవాడు. వాటి మీద ఎర్రదుమ్ము పడకుండా అమ్మ పాత జాకెట్టుగుడ్డ కప్పేవాడు. గంజిలో సగం ఉప్పేసి మాకు తాగడానికి, సగం నాన్న ఖాకీ బట్టలకి. బియ్యం కడిగిన నీళ్ళూ, కూరల్లో ఇంక పనికిరానివీ ఒక బకెట్లో పోసి ఉంచితే, గేదెలున్న పాలావిడ వచ్చి పట్టుకెళ్ళేది. కిరసనాయిలు దండగ అని, కందిపప్పు ఒక్క ఉడుకు రానిచ్చి దింపి, మూత పెట్టి, గోనెసంచులు చుట్టి మూలన కూర్చోబెట్టేవాడు. బడి నుంచి వచ్చేసరికి పప్పు తనంతట తాను మెత్తగా ఉడికిపోయి ఉండేది. నాకది గారడీలా ఉండేది.

ఒకరోజు బజారు నుంచి నడిచి వస్తూ అడిగాను, ఎందుకు పెదనాన్నా ఏదీ పారేయవు, అని. ఆయన సంచీ చేయి మార్చుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఒకసారి వాళ్ళ ఓడ ఏదో దేశం రేవు బయట లంగరేసి, లోపలికి పిలుపు రాక ఎన్నో రోజులు ఆగిపోయిందట. ఊరు కంటికి కనబడుతూనే ఉంది, దీపాలు కూడా కనబడుతున్నాయి, వెళ్ళడానికి లేదు. సరుకులు అయిపోయాయి. గంజి కూడా పలచనయింది. "తినేవోళ్ళందరూ నా మొకమే సూసేవోరు గుంటా. ఒండేవోణ్ణి కదా నాను. అంతకుముందు నెలల్లో నీళ్ళలోకి ఇసిరేసినవన్నీ ఒక్కోటీ కళ్ళముందు కొచ్చేయి. రొట్టె అంచులు, గోబీ ఆకులు, అన్నీని. అప్పట్నుంచి సెయ్యి రాదు నాకు, పారేద్దారంటే." ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆ రాత్రి అమ్మ కంచం అంచున పెట్టిన దోసకాయ చెక్కు పచ్చడి కొంచెం కలుపుకుంది.

అంతా బాగానే జరుగుతోంది అనుకునే వేళకి రొయ్యల కూర వచ్చింది. పెదనాన్న ఆ రోజు రేవు నుంచి మంచి రొయ్యలు తెచ్చి, పచ్చికొబ్బరి రుబ్బి వేసి వండాడు. కొంచెం మిగిలింది. మాకు ఫ్రిజ్ లేదు, వీధిలో ఎవరికీ లేదు. మర్నాడు పొద్దున ఆయన ఆ గిన్నె పొయ్యి మీద పెట్టగానే అమ్మ తెర వెనక నుంచి, "ఆ కూర పాడయినట్టుంది, పారేయమని చెప్పు," అంది. నేను వెళ్ళి చెప్పాను. పెదనాన్న గిన్నె ఎత్తి వాసన చూశాడు. ఏళ్ళ తరబడి ఓడ పొయ్యి పొగా, చుట్ట పొగా పీల్చిన ముక్కు. "బాగానే ఉన్నాది కదా. ఇంకోపాలి మరగబెడితే ఏటీ అవదు," అన్నాడు. ఓడ మీదయితే ఐసుగది ఉంటుంది, ఇక్కడ ఆ ఉక్కపోతలో ఏమీ లేదు. ఆ తేడా ఆయనకి తట్టలేదు. నాకు రొయ్యలంటే ప్రాణం. చద్దన్నంలో కలుపుకుని తిని బడికి వెళ్ళాను.

మధ్యాహ్నానికి బడిలో వాంతులు మొదలయ్యాయి. బడిలో పనిచేసే ఆయమ్మ నన్ను భుజాన వేసుకుని ఇంటికి తీసుకొచ్చింది. గుమ్మంలో నన్ను దింపేసరికి కాళ్ళు నిలవలేదు. అప్పుడు జరిగింది నాకు బాగా గుర్తు. అమ్మ మంచం దిగింది. తెర పక్కకి లాగి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నడిచి వచ్చి, నా తల పట్టుకుంది. వంటింటి గుమ్మంలో పెదనాన్న కొయ్యబారిపోయి నిలబడ్డాడు. అమ్మ తల మీద కొంగు లేదు. ఆయన వైపు తిరిగి, పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

"బావగారూ, దీన్ని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి. నేను పడుకుంటాను. త్వరగా వెళ్ళండి."

ఆయన నన్ను రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఆ నొప్పి మోకాళ్ళతోనే ఆస్పత్రికి పరిగెత్తాడు. దారంతా నాతో ఏదో అంటూనే ఉన్నాడు, నాకు అర్థం కాలేదు. ఆయన చొక్కాకి చుట్ట వాసన, వేయించిన జీలకర్ర వాసన. అక్కడ సూది వేసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించారు. సాయంత్రానికి తేరుకున్నాను. అమ్మకి మాత్రం నడుం నొప్పి పట్టుకుంది. డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసి, ఇప్పటికి ఫర్వాలేదు, ఇంకోసారి లేస్తే నేను చెప్పలేను, అంది.

నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి పెదనాన్న ఇనప్పెట్టె సర్దుతున్నాడు.

"ఏటిది అన్నా?" అన్నాడు నాన్న.

"ఎల్లిపోతన్నానురా. నా సేతి ఒంట ఇంక వద్దు. పిల్లకేటైనా అయ్యుంటే? ఆ తల్లి మంచం దిగిపోనాది, నా మూలంగానే. ఊరెల్లి ఎవుల్నేనా ఆడమనిసిని పంపిత్తాను."

నాన్న ఎప్పుడూ అన్నకి ఎదురు చెప్పి ఎరగడు. నేను అమ్మ పక్కనే పడుకుని ఉన్నాను. అమ్మ, "ఏవండీ, బావగారితో..." అని మొదలుపెట్టి ఆగింది. తర్వాత తనే పిలిచింది.

"బావగారూ."

తెర అవతల పెట్టె మూత చప్పుడు ఆగింది.

"మీరు వెళ్ళిపోతే నేను లేవాలి. నేను లేస్తే ఈ బిడ్డ కూడా నాకు దక్కదు. ఇంకెవరో వచ్చేదాకా ఎన్నాళ్ళు పడుతుందో. మీరు వండింది తినే ఇన్నాళ్ళూ నేను పడుకోగలిగాను. ఇవాళ జరిగింది కూర వల్ల జరిగింది. మీకు వాసన తెలియడం లేదు, నాకు ఈ కడుపుతో వీధి చివర ఏం మాడుతున్నా తెలుస్తోంది. మిగిలిన ప్రతి గిన్నే నా దగ్గరకి తీసుకొచ్చి చూపించండి. నేను పారేయమంటే పారేయాలి. ఉంచమంటే ఉంచండి. ఆ తెర తీసేయండి."

తెర అవతల నుంచి "అలాగేనమ్మా," అన్న మాట వినబడింది. నాన్న లేచి తాడు విప్పాడు. పెదనాన్న దుప్పటి మడతపెట్టాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో వంట ఇద్దరిదీ అయింది. పొద్దున్నే గిన్నెలన్నీ వరసగా మంచం దగ్గరకి వచ్చేవి. అమ్మ ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేది. పప్పుచారు ఉంటుంది, మరగబెట్టండి. చట్నీ పాడయింది, తీసేయండి. పెరుగు పులిసింది, మజ్జిగపులుసు పెట్టండి. తీసేయమన్న ప్రతిసారీ పెదనాన్న మొహంలో కొంచెం బాధ కనబడేది. అయినా పెరట్లో గొయ్యి తీసి దాన్ని అందులో వేసి మన్ను కప్పేవాడు. కొన్నాళ్ళకి ఆ మన్నులోనే ఎవరూ వేయని టమాటా మొక్కలు లేచాయి. అమ్మ పడుకునే చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఇచ్చేది. అలా ఒకరినొకరు చూసుకుంటూ పనిచేస్తుంటే వాళ్ళిద్దరికీ మాటలు పెరిగాయి. గోదావరి మాటకీ శ్రీకాకుళం మాటకీ మధ్య పోట్లాటలు కూడా వచ్చాయి. ఆయన 'సేపలు' అంటే ఆవిడ నవ్వేది. ఆవిడ ప్రతిమాటకీ 'అండి' తగిలిస్తే, "నానేటి కలెక్టర్నా?" అనేవాడు.

ఒక్క విషయంలో అమ్మ పట్టు వదల్లేదు. లెక్కకి సరిపడా వండాలని ఆయన. ఒక మనిషికి సరిపడా ఎక్కువ పడాల్సిందేనని ఆవిడ. "ఎవరైనా వస్తే?" అనేది. "రాకపోతే?" అనేవాడు. చివరికి ఆయనే దిగివచ్చాడు. ఆ ఎక్కువ పడ్డ అన్నం ఎవరూ తినకపోతే రాత్రి నీళ్ళు పోసి, మర్నాడు పొద్దున ఉల్లిపాయతో తను తింటానని ఒప్పందం. అప్పటికే ఆ పద్ధతి ఆయనకి ఇష్టమేనని నాకు అనుమానం. ఒక మధ్యాహ్నం నాన్న దూరపు చుట్టం ఒకాయన భార్యతో సహా వచ్చాడు. ప్లాంటులో పని కోసం తిరిగి తిరిగి, మొహాలు వాడిపోయి ఉన్నాయి. పెదనాన్న ఆకులు వేసి, ఆ ఎక్కువ అన్నం వాళ్ళకి పెట్టి, తన వంతు కూడా సగం అందులో కలిపాడు. వాళ్ళు వెళ్ళాక మంచం వైపు చూసి, "నువ్వన్నదే నిజమమ్మా," అన్నాడు. అమ్మ నవ్వింది కానీ గెలిచినట్టు నవ్వలేదు.

చలికాలంలో చెల్లెలు పుట్టింది. చిన్నది, కానీ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే ఆస్పత్రి వరండాలో నాన్న కింద కూర్చుండిపోయాడు. పెదనాన్న మాత్రం తిన్నగా రేవుకి వెళ్ళి సొరచేప తెచ్చాడు. బాలింతకి పాలు పడతాయని, ముళ్ళు లేకుండా పొడిగా, వెల్లుల్లి దట్టించి వండి పెట్టాడు. నీచు వాసన సరిగా పోయిందో లేదో అని గిన్నె ముందు అమ్మకే చూపించాడు.

ఆ తర్వాత ఆయన ప్లాంటు కడుతున్న చోట ఒక క్యాంటీన్లో వంటపనికి కుదిరి, గాజువాకలో గది తీసుకుని ఉన్నాడు. సెలవురోజున వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా వంటింట్లో డబ్బాలు తెరిచి చూసేవాడు. నేను కాలేజీలో ఉండగా పోయాడు. అమ్మ తన అన్న పోయినంతగా ఏడ్చింది.

ఇప్పుడు నా వంటింట్లో ఫ్రిజ్ నా కంటే ఎత్తు. అందులో ఏముందో నాకే తెలియదు. ద్వారకానగర్ వెళ్తే పెద్ద కొట్లలో బండి తోసుకుంటూ, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోటల్లా ఆగుతాను. కాళ్ళు నొప్పిగా ఉన్న రోజు కోడలు ఫోనులోనే కూరలు తెప్పిస్తుంది, కొత్తిమీర కూడా ప్లాస్టిక్ డబ్బాలో పడుకుని వస్తుంది. దేన్నీ తప్పు పట్టలేను. అమ్మలాగ ఇంటిపట్టున ఉండే మనుషులు ఇప్పుడు ఎవరున్నారు? గిన్నె గిన్నె వాసన చూసే తీరికేది? పనులు తేలికయ్యాయి, అందుకు నాకు సంతోషమే. అయితే ఒకటి గమనిస్తాను. మేం అప్పుడు ఏదైనా పారేస్తే, దాన్ని కళ్ళారా చూసి, పాడైందని ఒప్పుకుని పారేసేవాళ్ళం. ఇప్పుడు మూత తీయకుండానే పారేస్తున్నాం. చెల్లెలు పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. వారానికి ఒకసారి వండి డబ్బాల్లో సర్దుకుంటుంది. ప్రతి డబ్బా తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గానీ గిన్నెలో వంచదు. ఎవరూ దానికి నేర్పలేదు. పుట్టకముందే విన్నదేమో అనుకుంటాను. నేను బీరకాయ చెక్కు తీసిన రోజున పచ్చడి చేస్తాను. ఒక్కదాన్నే తిన్నా చేస్తాను. నా చేతులు ఆ పని చేసుకుపోతుంటే, ఆ ఇద్దరి పట్ల నాకు కలిగేది దిగులు కాదు, ఒక రకమైన నిండుదనం.

అమ్మ మళ్ళీ వంటింట్లో అడుగుపెట్టిన రోజు గురించి చెప్పాలి. చెల్లెలికి నీళ్ళు పోసి పడుకోబెట్టి, తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. పెదనాన్న తన కత్తి కడిగి, గుడ్డలో చుట్టుకుని, గట్టు ఖాళీ చేసి గుమ్మం బయట నిలబడ్డాడు. అమ్మ లోపల నిలబడి అడిగింది.

"బావగారూ, ఇవాళ ఏం వండమంటారు?"

"నీకేటి తినాలనుందో అదే ఒండమ్మా. ఇన్నాళ్ళూ నిన్నా మాట ఎవులూ అడగనేదు. నానూ అడగనేదు."

అమ్మ కొంచెం సిగ్గుపడుతూ, పనసపొట్టు కూర అంది. ఆవపెట్టి, వాళ్ళ అమ్మ చేసినట్టు. ఆయన ఆ ఎండలోనే బజారుకి వెళ్ళి, భుజాన ఒక లేత పనసకాయ మోసుకొచ్చాడు. అంత కాయ మా ఇంటికి ఎక్కువ, ఆయనకి తెలుసు. అయినా చేతులకి నూనె రాసుకుని, పెరట్లో కూర్చుని, ఆ మధ్యాహ్నమంతా దాన్ని సన్నగా పొట్టు కొట్టాడు. అమ్మ పెద్ద బాండీ నిండా వండింది. వీధి వీధంతా ఆవ ఘాటు. ఒక్కో ఇంటికీ గిన్నె నింపి ఇస్తే, పెదనాన్న తనే ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో నన్నూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాడు. ఎవరింటి గుమ్మంలోనైనా, "మా మరదలు ఒండింది," అనేవాడు. చివరికి బాండీ అడుగున మిగిలింది మా నలుగురికీ సరిగ్గా సరిపోయింది. నాన్నకీ, ఆయనకీ, నాకూ వడ్డించాక అమ్మ అలవాటుగా పక్కకి తప్పుకోబోయింది. పెదనాన్న నాలుగో కంచం తెచ్చి తన ఎదురుగా పెట్టి, బాండీ గీకి ఆ కూర అందులో వేశాడు.

అమ్మ ఆయన ఎదురుగానే కూర్చుని తిన్నది.